సముద్రం లేని ఊరి నుంచి తిమింగలాల వైపు

హైదరాబాదులోని మా సంతోష్‌నగర్‌కు సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, తిమింగలాల పరిశోధనకు ఈ సంచికను కేటాయించడానికి బలమైన కారణం ఉంది. ఇదే నగరంలో, కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం (సీసీఎంబీ)కి చెందిన అత్తాపూర్‌లోని ‘లాకోన్స్’ ప్రయోగశాలలో, కణంలో దాగిన వంశలిపి అయిన డీఎన్ఏను చదివి వన్యప్రాణుల జాతిని గుర్తించే శాస్త్రం వేళ్లూనుకుంది.

డీఎన్ఏను చదివే ఈ శాస్త్రం తిమింగలాల పరిశోధనకూ అక్కరకొస్తుంది. లోతుల్లో తిరిగే జీవిని లెక్కించడం కష్టం కనుక, శాస్త్రజ్ఞులు చిన్న చర్మపు ముక్క నుంచి జన్యువులను, తోక అడుగుభాగపు మచ్చల నుంచి ఒక్కొక్క తిమింగలం గుర్తింపును, నీటిలో మోగే పాటల నుంచి వాటి ప్రవర్తనను తెలుసుకుంటున్నారు. అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్ తిమింగలాలు, తమ బంధువుల్లా ధ్రువ ప్రాంతాలకు వలస పోకుండా, సుమారు 70,000 ఏళ్లుగా విడి సమూహంగా మిగిలాయని జన్యు పరిశోధన సూచిస్తోంది. ఒమన్ తీరంలో వాటి సంఖ్య వందకు లోపేనని అంచనా. వాణిజ్య వేటపై అంతర్జాతీయ నిషేధం 1986లో అమల్లోకి వచ్చినా, వలల చిక్కులు, ఓడల తాకిడి ఆగలేదు.

కంటికి అందనిదాన్ని ఓపికగా వినడం, చదవడం అన్నదే ఈ సంచిక రచనలన్నిటినీ కలిపే దారం. మన దేశ తీరానికి తిమింగలం కొట్టుకువస్తే, చుట్టూ గుమిగూడకుండా వెంటనే అటవీశాఖకు కబురు పెట్టాలని పాఠకులకు మా మనవి.