గాయాలతో లేచినవాడు

మా పల్లెలో ఈస్టరంటే సమాధుల పండగ. కోడి కూయకముందే అమ్మ లేపేది. ముందురోజే సున్నం కొట్టిన మా తాత సమాధి మీద కొవ్వొత్తి పెట్టి, పొద్దు పొడిచేదాకా పాటలు పాడేవాళ్ళం. బతికినన్నాళ్ళూ సెంటు భూమి లేని తాతకి చచ్చాక దక్కింది ఆ ఆరడుగులే.

1991 ఆగస్టు 6న చుండూరులో మావాళ్ళని వెంటాడి నరికారు. ఎనిమిదిమంది. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ తర్వాతి ఈస్టరు 1992 ఏప్రిల్ 19. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా. పాస్టరుగారు 'పగ దేవుడికి వదిలెయ్యండి, పరలోకంలో కన్నీళ్ళుండవు' అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గుళ్ళోంచి లేచొచ్చేశా. "ఈ దేవుడు మనకెందుకమ్మా?" అని ఇంట్లో అరిచా.

అమ్మ బియ్యం ఏరుతూనే అంది: "లేచినాయన చేతుల్లో మేకుల గాయాలు అట్టాగే ఉన్నాయి గదరా. దేవుడు మాన్పలేకనా? చంపినోళ్ళు చంపలేదని బొంకకుండా ఉంచాడు."

చదువురాని అమ్మ చెప్పిన ఈ మాట నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. యేసు రోగమొచ్చి చావలేదు. పిలాతు అనే రోమా అధికారి తీర్పు చెప్పి చంపించాడు. సమాధికి రాయి అడ్డంపెట్టి, ముద్రవేసి, కాపలా పెట్టారు. కేసు మూసేశామనుకున్నారు. పునరుత్థానమంటే ఆ తీర్పుని కొట్టేయడం. లేచాడని మొదట చెప్పింది ఆడవాళ్ళు. వాళ్ళ సాక్ష్యాన్ని శిష్యులే నమ్మలేదు.

మా సాక్ష్యాల గతీ అంతే. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేస్తే, 2014లో హైకోర్టు సాక్ష్యం చాలదని కొట్టేసింది. అయినా చుండూరువాళ్ళు ఏం చేశారో చూడండి. చచ్చినవాళ్ళని ఊరవతల కాదు, పల్లె నడుమే పూడ్చి ఆ చోటుకి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. పోరాడి కోర్టునే తమ ఊరికి రప్పించారు. చంపినచోటే విచారణ జరిపించారు. గాయాన్ని దాచకుండా నిలబడటం అంటే అదీ.

అయ్యగార్లారా, మమ్మల్ని ఓర్చుకోమనడానికి యేసుని వాడుకోకండి. ఓర్చుకునేవాడే అయితే సమాధిలోనే ఉండేవాడు. మా నమ్మకాన్ని మత్తుమందని నవ్వే అన్నలారా, మీరూ వినండి. మత్తులో ఉన్న పల్లె పదహారేళ్ళు కోర్టు గుమ్మం పట్టుకుని వేళ్ళాడదు.

అమ్మ ఇప్పుడు లేదు. ఈస్టరుకి ముందురోజు ఆమె సమాధికి నేనే సున్నం కొడతాను. తెల్లారుజామున నా పిల్లల్ని లేపి తీసుకెళ్ళి, ముందు చుండూరు సంగతి చెబుతాను. పాట ఆ తర్వాతే.