పన్నుకున్న లెక్క కూలికి లేదా?

ఖరగ్‌పూర్‌లో రైల్వే కాంట్రాక్టరు బిల్లు పాసయ్యే రోజున ఒక పని మాత్రం ఎవరూ మరువరు. అది మూలములో పన్ను కోత. 1961 ఆదాయపు పన్ను చట్టములో 1972లో 194సి సెక్షను చేరిన నాటి నుండి ఈ కోత సాగుతున్నది. నేడు కాంట్రాక్టరు వ్యక్తి అయితే నూటికి 1 రూపాయి, కంపెనీ అయితే 2 రూపాయలు. మూడు నెలలకొక లెక్క దాఖలు చేయాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. 2025లో వచ్చిన కొత్త పన్ను చట్టము కూడ ఈ విధిని ఎత్తివేయలేదు.

ప్రభుత్వమునకు రావలసిన పన్ను రావలసినదే. దానిని మేము కాదనుట లేదు. అయితే అదే బిల్లు వెనుక పెట్టెలు కడిగిన కార్మికుని కూలి చేతికి అందినదా అని ఇంత పట్టుదలతో అడిగే అధికారి ఎవరు?

చట్టము లేక కాదు. కూలి పంచేచోట ప్రధాన యజమాని ప్రతినిధి హాజరై ధ్రువీకరించాలని, కాంట్రాక్టరు ఎగవేస్తే యజమానియే చెల్లించాలని 1970 కాంట్రాక్టు కార్మిక చట్టము శాసించినది. ఆ సెప్టెంబరు 5న దానికి ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి మరెవరో కాదు, ఒకనాడు ఇదే బి.ఎన్.ఆర్. కార్మికులకు నాయకత్వము వహించిన వి.వి. గిరి. 2025 నవంబరు 21న ఆ చట్టము పోయి వృత్తి భద్రతా కోడ్ వచ్చినది. 20 మంది అన్న హద్దు 50కి లేచినది. 30 మంది కాంట్రాక్టు మనుషులున్న సంస్థ నిన్న చట్టము లోపల ఉండెను, నేడు వెలుపల ఉన్నది. తపాలా సోదరులు దీనిని ప్రత్యేకముగా గమనించాలి. పన్ను కోతకు మాత్రము తలల లెక్కతో పనిలేదు!

కూలి బ్యాంకు ద్వారా చెల్లించి యజమానికి తెలపాలని కోడ్ అన్నమాట నిజమే. రైల్వే 2018లో శ్రామిక్ కల్యాణ్ పోర్టలు తెరచినదీ నిజమే. కాని అందులో అంకెలు ఎక్కించేది కాంట్రాక్టరే. ఖాతాలో పడిన కూలిలో కొంత మరునాడే నగదుగా గుంజుకునే ఘనులను ఏ పోర్టలు పట్టగలదు? కొన్ని చోట్ల మరొక విద్య: కార్మికునినే కాగితముపై కాంట్రాక్టరుగా చూపి, 1 శాతము కోసి, “నీవు ఉద్యోగివి కావు, ప్రావిడెంటు ఫండు అడగరాదు” అనుట. పన్ను పట్టికలోని గడి మనిషి కార్మికుడో కాదో తేల్చజాలదు.

బిల్లుతోబాటు ఖాతాలవారీ కూలి పట్టిక జతపరచాలి. చెల్లింపు జరిగినదని కార్మికులను అడిగి రూఢి చేసుకొనిన పిమ్మటనే బిల్లు పాసు కావాలి. జాప్యమైన ప్రతి రోజుకు కాంట్రాక్టరు నుండి 200 రూపాయలు వసూలు చేసి కార్మికునికే ఇవ్వాలి. ఈ బిల్లులు పరిశీలించే అకౌంట్సు గుమాస్తాలలో మన సభ్యులున్నారు. “కాంట్రాక్టు వారి సంగతి మనకెందుకు” అనే మాట మన శాఖలలోనూ వినబడుతున్నది. నిన్నటి పర్మనెంటు పోస్టులోనే నేడు ఆ కాంట్రాక్టు మనిషి పని చేస్తున్నాడు. వచ్చే సర్వసభ్య సమావేశములో ప్రతి శాఖ ఈ తీర్మానము చేసి డివిజనల్ అధికారులకు పంపాలని కోరుతున్నాము.