ఆడిషన్‌లో కొలిచేది నటననేనా?

మా క్యాంపస్ నాటకోత్సవానికి ఒక దళిత విద్యార్థి తన హాస్టల్ జీవితం మీద నాటిక రాశాడు. ఎంపిక కమిటీ మెచ్చుకుంది. తీరా ఆడిషన్‌లో ప్రధాన పాత్రకు అతను పనికిరాలేదు. ‘ఉచ్చారణ స్పష్టంగా లేదు, హీరో లుక్ లేదు’ అన్నారు. స్వీపర్ పాత్ర ఇచ్చారు. తాను రాసుకున్న మాటలు తన నోటికే సరిపోలేదట!

స్పష్టత అంటే ఎవరింటి భాష? నాటికలోని కుర్రాడిది పాలమూరు యాస. దాన్ని ‘సరిదిద్ది’ పలికితే ఆ పాత్రే మిగలదు. చిందు మాదిగ కళాకారిణి చిందు ఎల్లమ్మ స్త్రీ పాత్రలే కాదు, పురుష పాత్రలూ వేసి ఊళ్లను మెప్పించారు. ఈ కమిటీ ముందు నిలబడితే ఆమెకు ఏ పాత్ర దక్కేది?

‘మేం చూసింది ప్రతిభనే’ అంటారు. అలాగైతే ఆ ప్రతిభకు కొలతలేమిటో ఆడిషన్‌కు ముందే రాసి నోటీసు బోర్డులో పెట్టండి. కమిటీలో దళిత, ఆదివాసీ, బహుజన విద్యార్థులుండాలి. పాత్రల ఎంపికలో రచయిత మాట చెల్లాలి. పాత్ర ఎందుకివ్వలేదో రాతపూర్వకంగా చెప్పాలి.

మా బాధ మీకు కథగా కావాలి, మా ముఖం మాత్రం వేదిక మీద వద్దు. దీనికి ప్రతిభ అని పేరు పెట్టకండి. దీని పేరు కులం.