చీజ్ కింద దాచిన క్యారెట్

రెండేళ్ల పిల్లకు కూరగాయలు తినిపించాలంటే ఇంట్లో ఓవెన్ ఉండాల్సిందేనట. ఈమధ్య తల్లుల వాట్సాప్ గ్రూపు ఏది తెరిచినా ఇదే పాట. దాని పేరు గ్రాటిన్. ఉడికించిన క్యారెట్, గోబీ మీద మైదా, వెన్న, పాలతో చేసిన వైట్ సాస్ పోసి, పైన చీజ్ తురిమి ఎర్రగా బేక్ చేయాలి. "పాపకు తెలియకుండానే కూరగాయలు కడుపులోకి పోతాయి" అని కింద ఒక మాట. నాకు ఒళ్లు మండేది ఆ మాటకే.

తెలియకుండా ఎందుకు పోవాలి? క్యారెట్ ఏమన్నా చేదు మందా? కొత్త రుచి పిల్లలకు అలవాటు కావాలంటే ఎనిమిది పదిసార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పెట్టాల్సి వస్తుంది. దాచి పెడితే పిల్ల నేర్చుకునేది చీజ్ రుచి మాత్రమే.

గ్రాటిన్ మీద నాకు కోపం లేదు. ఫ్రాన్స్ కొండప్రాంతాల్లో ఆలుగడ్డలు, మీగడతో చేసుకునే వంట అది. గోకడం, తురమడం అనే అర్థమున్న మాట నుంచి ఆ పేరొచ్చింది. గిన్నె అడుగున ఎర్రగా కాలిన చెక్క కోసం పిల్లలు కొట్టుకోవడం మనకు మాత్రం కొత్తా? మా నల్గొండలో తపాల చెక్క అంటాం, వేరేచోట సర్వపిండి అంటారు. రెండూ గిన్నెల పేర్లే. బియ్యప్పిండిలో సొరకాయ తురుము, నువ్వులు, కరివేపాకు కలిపి, నూనె రాసిన గిన్నెకు అద్ది, వేలితో బొక్కలు పెట్టి, మూతపెట్టి సన్నసెగ మీద కాలుస్తాం. ఇది బేకింగ్ కాదా మరి?

పసిపిల్లలకైతే కారం వద్దు, ఉప్పు చిటికెడు చాలు. పల్లీలు, శనగపప్పు పలుకులుగా వేస్తే గొంతుకు అడ్డం పడతాయి, మెత్తగా పొడిచేసి కలపండి. తోటకూర సన్నగా తరిగి వేయండి. పైన మెత్తటి భాగం పిల్లకు, అడుగు చెక్క మనకు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తం తక్కువ. పాలల్లో, చీజ్‌లో ఇనుము దాదాపు ఉండదు. పైగా వాటిలోని కాల్షియం, తిన్న ఇనుమును ఒంటికి సరిగా పట్టనీయదు. పాలు వేరే పూట తాగనీయండి. అన్నం పూట ఆకుకూర పప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం, తినే ఇళ్లలో ఒక గుడ్డు పెట్టండి.

ఇంకో సంగతి. పప్పులో నానేసిన జొన్నరొట్టె అత్తమ్మ పెడతానంటే "పల్లెటూరి తిండి" అని పక్కన పెట్టి, కిస్తుల మీద ఓవెన్ కొంటున్నాం. ఆ అంటుకుపోయిన ట్రే తోమేదెవరో కూడా గ్రూపులో రాస్తే బాగుండు.

ఓవెన్ ఉన్నవాళ్లు గ్రాటిన్ చేసుకోండి, ఎవరొద్దన్నారు? చీజ్ తగ్గించి ముక్కలు పైకి కనబడనీయండి. మెత్తగా ఉడికిన ముక్క ఒకటి చేతికిచ్చి, ఇది క్యారెట్ బిడ్డా అని చెప్పండి. ఉమ్మేస్తే ఎల్లుండి మళ్లీ ఇవ్వండి.