దూలాల మీది కథలు

చైనాలోని బీజింగ్‌లో 'వేసవి రాజభవనం' అనే ఉద్యానవనం ఉంది. అందులో 728 మీటర్ల పొడవైన నడవా ఒకటుంది. దాని దూలాల నిండా వేలాది రంగుల బొమ్మలున్నాయి. 'మూడు రాజ్యాల కథ'లోని వీరులను, 'పడమటి యాత్ర' నవలలోని కోతివీరుడు సున్ ఊకోంగ్‌ను అక్కడ చూడవచ్చు. బౌద్ధ గ్రంథాల కోసం భారతదేశానికి బయలుదేరిన భిక్షువుకు ఆ కోతి తోడు. ఆ భిక్షువు పాత్రకు మూలపురుషుడు యువాన్ చాంగ్. 7వ శతాబ్దంలో ఆయన మన ఆంధ్రదేశానికి కూడా వచ్చాడు.

ఇవి వట్టి అలంకారాలేనని కొందరంటారు. ఆ మాట సరికాదు. ఈ కథలు నవలలు కాకముందే కథకులు వీటిని జనం మధ్య చెప్పేవారు. చదువురానివారూ విని గుర్తుంచుకున్నారు. జనం నోట పెరిగిన కథలే రాజుల దూలాలకెక్కాయి. కాని ఆ జనానికి అక్కడ ప్రవేశం లేదు. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు ఆ ఉద్యానవనాన్ని తగలబెట్టాయి. తరువాత దాన్ని తిరిగి కట్టారు. 1924లో అది ప్రజలదైంది.

ఒక విషయం గమనించండి. కథ తెలియనివారికి అక్కడ రంగులే కనిపిస్తాయి. తెలిసినవారికి ప్రతి బొమ్మా ఒక పుట. కాబట్టి బొమ్మకు రంగు వేసి కాపాడితే చాలదు. దాని కథను చెప్పేవారు, చదివేవారు కూడా ఉండాలి.