దుబాయ్‌లో ధర అడగడానికి సిగ్గెందుకు?

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు నుంచి గల్ఫ్‌కు పోవడమంటే ఒకప్పుడు పనికి పోవడమే. ఇప్పుడు కొడుకు కాపురం చూడ్డానికి తల్లిదండ్రులు పోతున్నారు. కొత్తగా పెళ్లయిన జంటలు పోతున్నాయి. సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబాలకు కుటుంబాలే దుబాయ్ చూసొస్తున్నాయి. సంతోషించాల్సిన మార్పే. బాధల్లా ఒక్కటే: ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న డబ్బు నాలుగైదు రోజుల్లో ఎట్లా కరిగిపోయిందో చాలామందికి తిరిగొచ్చాక కూడా అర్థం కాదు.

దుబాయ్ ఖరీదైన ఊరే, కాదనను. అయితే మనవాళ్ల డబ్బులో పెద్ద భాగం చూడాల్సినవాటికి ఖర్చు కావడం లేదు. ధర అడిగితే చిన్నతనమనే మొహమాటానికి, ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతులను అక్కడ నిలబడి తేల్చుకోవడానికి పోతోంది. ఆళ్లగడ్డలో విగ్రహం చేయించుకునేవాళ్లు రాయి ఏది, ఎత్తెంత, ధరెంత అన్నీ మాట్లాడుకున్నాకే శిల్పి ఉలి పట్టుకుంటాడు. దుబాయ్ ప్రయాణానికీ అదే పద్ధతి కావాలి.

మొదట తేల్చుకోవాల్సింది ఎప్పుడు పోవాలన్నది. మన పిల్లలకు సెలవులు వేసవిలో. ఎండ మనకు కొత్తా అనుకుని టికెట్లు తీసుకోవద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, దానికి సముద్రపు ఉక్క తోడవుతుంది. హోటళ్లు చౌకగా దొరికినా, పగలంతా మాల్‌లోనే గడపాల్సి వస్తుంది. మాల్‌లో గడిపే ప్రతి గంటా ఖర్చే. నవంబర్ నుంచి మార్చి వరకు వాతావరణం బాగుంటుంది. అందులో క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాలు అన్నిటికన్నా ప్రియం, వాటిని తప్పించండి. రంజాన్ నెల ఎప్పుడు పడుతుందో కూడా చూసుకోండి.

తర్వాత పెట్టె. అబ్బ, జేజి కొడుకు దగ్గరికి పోతున్నారంటే కారం పొడి, ఊరగాయ, నిప్పట్లు, మసాలా అన్నీ పెట్టెలోకి చేరతాయి. అందులో గసగసాలు ఉంటే తీసేయండి. మన మాంసం కూరలో నిత్యం వాడే గసగసాలు ఎమిరేట్స్‌లో నిషిద్ధం. గసగసాలు కలిపి కొట్టిన మసాలా పొడి కూడా వద్దు. తమలపాకులూ నిషిద్ధమే కాబట్టి జేజి ఆకువక్క సంచి ఇంట్లోనే ఉండాలి. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లు ముందుగా అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. డాక్టర్ చీటీ చేతి సంచిలో ఉండాలి. ఊళ్లోవాళ్లు ‘మా వాడికివ్వండి’ అని తెచ్చే పొట్లాన్ని, లోపల ఏముందో విప్పి చూడకుండా తీసుకోవద్దు. బంధువైనా సరే.

విమానం దిగగానే మొదటి ఖర్చు టాక్సీ. విమానాశ్రయం దగ్గర ఎక్కితే మీటర్ 25 దిర్హంలతో మొదలవుతుంది. దిర్హం ఇరవై రూపాయల పైమాటే కాబట్టి, చక్రం తిరగకముందే ఐదొందలు దాటిందన్నమాట. 2009 సెప్టెంబర్ 9న మొదలైన మెట్రో 1, 3 టెర్మినళ్ల నుంచి నేరుగా ఊళ్లోకి పోతుంది. చౌక విమానాలు కొన్ని 2వ టెర్మినల్‌లో దిగుతాయి, అక్కడ మెట్రో లేదు. టికెట్ తీసుకునేటప్పుడే టెర్మినల్ ఏదో చూడండి. మెట్రోలో గోల్డ్ పెట్టెకు ఛార్జీ రెట్టింపు. ఆడవాళ్లకు, పిల్లలకు వేరే పెట్టె ఉంటుంది, మగవాళ్లు అందులో నిలబడితే జరిమానా. లోపల ఏం తిన్నా తాగినా 100 దిర్హంల జరిమానా.

హోటల్‌లో గది అద్దె కాక, రోజుకు గదికి 7 నుంచి 20 దిర్హంల దాకా పర్యాటక రుసుం కట్టాలి. డిపాజిట్ కింద కార్డులో కొంత సొమ్ము ఆపి పెడతారు. అదెంతో బుక్ చేసుకునే ముందే అడగండి. పెద్ద రెస్టారెంట్‌లో కూర్చోగానే ‘నీళ్లు మామూలువా, గ్యాస్‌వా?’ అని అడుగుతారు. ఏది చెప్పినా సీసా వస్తుంది, బిల్లులో దాని ధరా వస్తుంది. కరామా, మీనా బజార్ వైపు పోతే మన భోజనం అందుబాటు ధరలో దొరుకుతుంది.

కార్డు గీసినప్పుడు యంత్రం తెర మీద రెండు అంకెలు కనిపిస్తాయి: ఒకటి దిర్హంలలో, రెండోది రూపాయల్లో. తెలిసిన లెక్క కదా అని మనవాళ్లు రూపాయలు నొక్కుతారు. అందులో మారకం పేరుతో అదనపు వడ్డన కలిసి ఉంటుంది. దిర్హంలే నొక్కండి.

చూడాల్సినవాటిలో మంచివి కొన్ని దాదాపు ఉచితం. డేరా నుంచి బర్ దుబాయ్‌కి సముద్రపు పాయ దాటించే అబ్రా పడవకు ఒక్క దిర్హం. దుబాయ్ మాల్ ముందు సాయంత్రాలు జరిగే ఫౌంటెన్ ఆటకు గట్టు మీద నిలబడితే పైసా అక్కర్లేదు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ఎక్కాలనుకుంటే టికెట్ ముందే తీసుకోండి. సూర్యాస్తమయం వేళ ధర ఎక్కువ, ఉదయం తక్కువ. ఎడారి సఫారీలో జీపు ఇసుక దిబ్బల మీద ఎగిరెగిరి పడుతుంది. గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు ఎక్కకూడదు. ఇంటిల్లిపాదికీ ఖరీదైన ముచ్చట ఒక్కటి చాలు. దాన్ని ఇంట్లోనే ఎంచుకోండి, ఎంచుకున్నాక మనసారా ఖర్చు పెట్టండి.

బంగారం గురించి గట్టిగా చెప్పాలి. అక్కడ కొంటే సగానికి సగం లాభమన్న మాట మన వీధుల్లో ఇంకా తిరుగుతోంది. 2024 జులైలో మన ప్రభుత్వం బంగారంపై దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించాక ఆ తేడా బాగా పడిపోయింది. పైగా సుంకం లేకుండా నగలు తెచ్చుకునే వెసులుబాటు ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్లకే. వారం రోజుల యాత్రికులకు వర్తించదు. కొనే తీరాలనుకుంటే తరుగు, మజూరీ బేరమాడండి, రసీదు దాచుకోండి, ఇక్కడ దిగాక కస్టమ్స్‌లో దాచకుండా చెప్పండి.

ఇంకొక్క విన్నపం. ఆ ఊళ్లో మన సీమ బిడ్డలు భవనాలు కడుతున్నారు, బండ్లు నడుపుతున్నారు, ఇళ్లలో వంట చేస్తున్నారు. మీకు తెలిసినవాళ్లుంటే తప్పకుండా కలవండి. కానీ వారానికి దొరికే ఒక్క సెలవు రోజునూ మిమ్మల్ని ఊరంతా తిప్పడానికి వాడుకోవద్దు. వాళ్లు పంపిన డబ్బుతోనే ఇక్కడ ఎన్నో ఇళ్లు లేచాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి. వాళ్లకు తీరిక ఎప్పుడో అడిగి పోండి, భోజనం ఖర్చు మీరు పెట్టుకోండి.

ధర అడిగినవాణ్ని దుబాయ్‌లో ఎవరూ చిన్నచూపు చూడరు. అది వర్తకుల ఊరు, బేరం వాళ్లకు మర్యాదే. పిల్లల ముందే అడగండి, నచ్చకపోతే వద్దని చెప్పి లేచి రండి. ఖరీదైన చోట తలెత్తుకుని తిరగడం ఎట్లాగో వాళ్లకు మీరే నేర్పినవాళ్లవుతారు.