‘క్షౌరం’పై బెంగ: శుద్ధివాదంపై ఒక ఆక్షేపణ

‘షేవింగ్’ వచ్చి ‘క్షౌరా’న్ని చంపిందన్న శుద్ధివాదం చరిత్రనూ వ్యాకరణాన్నీ విస్మరిస్తుంది. క్షౌరం ప్రధానంగా మరొకరిచేత చేయించుకొనే పని. జిల్లెట్ సేఫ్టీ రేజరుకు 1904లో అమెరికాలో పేటెంటు లభించిన తరవాత వ్యాపించిన అలవాటు వేరు: ఎవరి గడ్డం వారే, ఇంట్లో, అద్దం ముందు. రేజరు, బ్లేడు ఆ వస్తువులతోపాటే వచ్చిన మాటలు. అయినా ‘షేవింగ్ చేసుకొన్నాడు’, ‘చేయించుకొన్నాడు’ అన్న భేదాన్ని తెలుగు క్రియ చెక్కుచెదరకుండా నిలుపుకొంది. అరువు వచ్చింది నామమే.

ఇంతకూ క్షౌరం మాత్రం సంస్కృతం కాదా? బ్రౌన్ 1852 నాటి నిఘంటువుకెక్కిన ‘గొరుగు’ శుద్ధివాదులకు గుర్తురాదు. కులవృత్తి వాసన సోకిందనేమో! ఇంటింటా సజీవంగా ఉన్న ‘గడ్డం గీసుకొను’ కూడా వారికి ఆనదు. తిథివార నియమాలు, అశౌచం, మొక్కుబడులు అంటుకొన్న క్షౌరశబ్దాన్ని, ఉద్యోగానికి పోయే ముందు అయిదు నిమిషాల్లో ముగిసే పనికి తగిలించడం ఏ భాషాసేవ?

బెంగపడవలసిన చోటు వేరే ఉంది. ‘బ్రష్ చేసుకో’ అన్న ఆజ్ఞ నిత్యమైన ఇళ్లలో పిల్లలకు ‘తోముకొను’ గిన్నెలకే మిగులుతోంది. పందుంపుల్ల అంటే ఏమిటో విడమరచి చెప్పవలసి వస్తోంది. అక్కడ జారిపోతున్నది నామమొక్కటే కాదు, దేశ్యక్రియ.